కుక్క చేత చేయించిన కార్తీక సోమవారం

గుంటూరు బ్రాడీపేటలో మా వీధి చివర పళ్ళబండి పెట్టుకునే భాయ్ మొన్న నన్ను చూసి నల్లద్రాక్ష గుత్తి పైకెత్తి, "తియ్యగా ఉంది సార్, తీసుకెళ్ళండి" అన్నాడు. అరటిపళ్ళు చాలన్నాను. ద్రాక్ష మీద నాకేం కోపం లేదు. అది కనబడగానే నా తెలివితక్కువతనం గుర్తొస్తుంది, అంతే. నేను ముప్పై ఏళ్ళు కోచింగ్ సెంటర్లలో బోటనీ చెప్పినవాణ్ణి. ద్రాక్ష ఏ కుటుంబానికి చెందిందో నిద్రలో లేపి అడిగినా లాటిన్లో చెబుతాను. దాన్ని మా కుటుంబంలో ఎవరికి పెట్టకూడదో మాత్రం నాకు తెలియలేదు.

పెట్టకూడనివాడు మా కుక్క పండు. అద్దంకి పక్కన మా బావమరిది మిరప కళ్ళంలో పుట్టాడు. ఎండబోసిన కాయల ఘాటుకి కూలీలు తుమ్మి తుమ్మి చస్తుంటే, వాడు ఆ రాశి పక్కనే ముడుచుకుని హాయిగా నిద్రపోయేవాడట. ఒళ్ళంతా పండుమిరప రంగు, అందుకే ఆ పేరు. నేను రిటైరైన ఏడాది మా బావమరిది వాణ్ణి కండువాలో చుట్టి తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "పాఠం చెప్పుకోవడానికి ఎవరో ఒకరుండాలి కదా బావా. వీడైతే మధ్యలో లేచి వెళ్ళిపోడు" అన్నాడు. నిజమే. కిరణజన్య సంయోగక్రియ మొత్తం విని ఆవలించకుండా ఉన్న విద్యార్థి నా సర్వీసులో వాడొక్కడే.

ఆ ఏడు కార్తీకమాసం వచ్చింది. ఆ నెల్లాళ్ళు మా ఇంట్లో నీచు ముట్టం. సోమవారాల్లో మా ఆవిడ చుక్కను చూసేదాకా మంచినీళ్ళ మీద ఉంటుంది. నేను పళ్ళ మీద ఉంటాను, అంటే మామూలు రోజుల కంటే ఎక్కువ తింటాను. ఇలా మేమిద్దరం పుణ్యం కూడబెట్టుకుంటుంటే పండు వరండాలో కోడిమెడలు కొరుకుతూ కూర్చోవడం నాకు నచ్చలేదు. వాడి చేత కూడా కార్తీకం చేయిద్దామన్నాను. "నోరులేని జీవాన్ని మీ నోముల్లోకి లాగకండి" అంది మా ఆవిడ. నేను వినలేదు. మొక్కలోంచి వచ్చింది ఏదైనా ఒంటికి మంచిదేనని నా సిద్ధాంతం. గన్నేరు కూడా మొక్కేనని, దాని సంగతి ఏళ్ళ తరబడి పిల్లలకు నేనే చెప్పానని ఆ సమయానికి తట్టలేదు.

మొదటి సోమవారం కేరట్ ముక్కలతో గడిచింది. రెండో సోమవారం పొద్దున నల్లద్రాక్ష గుత్తి పట్టుకుని వరండాలో కూర్చున్నాను. ఒక కాయ తుంచి విసిరితే పండు గాల్లోనే అందుకున్నాడు. నాకు ముచ్చటేసింది. నాకొకటి, వాడికొకటి. వాడు గురి తప్పనప్పుడల్లా చప్పట్లు కొట్టాను కూడా. మధ్యాహ్నానికి వాడు రెండుసార్లు వాంతి చేసుకుని, కుట్టుమిషను కింద దూరి, పిలిస్తే తోకైనా ఆడించకుండా పడుకున్నాడు. పండుకి పండు పెట్టి పండబెట్టానని ఇవాళ చమత్కరిస్తున్నాను గానీ, ఆ పూట మిషను ముందు బోర్లా పడుకుని వాణ్ణి బతిమాలుతూ ఉండిపోయాను.

దేవుడు పంపినట్టు అప్పుడే మా బావమరిది వచ్చాడు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న తన మిరప బస్తాలు మర్నాడు ఎవరికో చూపించాలని ఊళ్ళోకి దిగాడు. చెప్పులు విప్పుతూనే మిషను కిందికి వంగి చూశాడు.

"ఏం పెట్టావు బావా?"

"ఉపవాసం కదా, పళ్ళు పెట్టాను."

"ఎవరికి ఉపవాసం?"

"వాడికి కూడా."

అతను నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "నీ సంగతి తర్వాత మాట్లాడతా. ముందు ఆటో పిలువు" అన్నాడు.

పశువుల డాక్టరమ్మ నా దగ్గర చదువుకున్న పిల్లే. గుంటూరులో ఏ ఆసుపత్రి గడప తొక్కినా నాకు ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. పండు పొట్ట నొక్కి చూస్తూ, ద్రాక్షలు పెట్టానని నేను చెప్పగానే, ఎన్ని తిన్నాడని అడిగింది. నాలుగైదు అన్నాను. "వరండాలో ఒట్టి కాడలు చూశానమ్మా నేను" అన్నాడు మా బావమరిది. ఆ పిల్ల నా వైపు తిరిగి, మెల్లగా, "సార్, మీరు మొహమాటపడి తక్కువ చెప్తే నా వైద్యం తప్పిపోతుంది. ఎన్ని?" అంది. సగం గుత్తి అని ఒప్పుకున్నాను. వైవా పరీక్షలో నా ముందు నిలబడి చెమటలు కక్కిన పిల్లలందరికీ ఆ క్షణంలో మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

"ద్రాక్ష గానీ ఎండుద్రాక్ష గానీ కుక్కల కిడ్నీల్ని పాడుచెయ్యొచ్చు సార్. ఏ కుక్కకి ఎన్ని తింటే అవుతుందో ముందు చెప్పలేం, అందుకే ఒక్కటి కూడా పెట్టకూడదు" అంది. మూడు రోజులు సెలైన్ ఎక్కించి, రక్తపరీక్షలు చేస్తూ ఉంటానని, ఒంటికి సరిగ్గా పోస్తే గండం గడిచినట్టేనని చెప్పింది. "నేను బోటనీ చెప్పినవాణ్ణమ్మా" అని నసిగాను. "మీ పాఠాలన్నీ గుర్తున్నాయి సార్. ఇది మాత్రం మీరు చెప్పలేదు" అంది, ఎగతాళి ఏమీ లేకుండా. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మొదటి రోజు చుక్క పడలేదు. రెండో రోజు పడీ పడనట్టు తడి. మా బావమరిది బస్తాల మనిషికి ఫోన్ చేసి ఇంకోసారి చూద్దామని చెప్పేసి, ఆ ఆసుపత్రి బల్ల పక్క నుంచి కదల్లేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండుననిపించింది. మూడో రోజు పొద్దున పండు లేచి నిలబడ్డాడు, నాలుగడుగులు వేశాడు, తడబడుతూ కాలెత్తి, మా బావమరిది తెల్లపంచెకి తీరిగ్గా అభిషేకం చేశాడు. అతను కదలకుండా అలాగే నిలబడి, "పోశాడు బావా" అన్నాడు. నాకు కళ్ళజోడు తుడుచుకునే పని పడింది.

ఇంటికి పంపేముందు ఆ పిల్ల పాఠం చెబితే నేను నోట్సు రాసుకున్నాను. కేరట్, బీన్స్, గుమ్మడి ఉడికించి పెట్టొచ్చు, ఉప్పూ కారం నూనె తగలకూడదు. కీరదోస పచ్చిది పర్లేదు. యాపిల్ గింజలు తీసి, పుచ్చకాయ గింజా తొక్కా తీసి, మామిడి టెంక లేకుండా, అదీ రుచికి ఒకటి రెండు ముక్కలే. వాడి అసలు తిండి ఎముకల్లేని ఉడికిన కోడే. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా ద్రాక్షతో సమానమే, కాబట్టి మన కంచంలో మిగిలిన కూరన్నం పెట్టొద్దంది. గుంటూరులో ఉల్లి, వెల్లుల్లి, కారం లేని వంట అంటే వంటే కాదు గనక, మా ఆవిడ పండు కోసం వేరే గిన్నె పొయ్యెక్కించింది. ఆరేళ్ళుగా అది దిగలేదు.

మా బావమరిది దాచిపెట్టిన తిట్లు మాత్రం ఆ తర్వాత వడ్డీతో బయటికొచ్చాయి. పెళ్ళి కానీ, బారసాల కానీ, పదిమంది చేరితే చాలు: "మా బావని చూశారా, బోటనీ లెక్చరరు. కుక్క చేత కార్తీక సోమవారం చేయించాడు. చుక్క కనబడకముందే పాపం దానికి చుక్కలు చూపించాడు." నేనూ అందరితో కలిసి నవ్వుతాను. పండుని బతికించినవాడికి ఆ మాత్రం హక్కుంది.

అయినా మనిషినే కదా. పోయిన నెల మా ఆవిడ చెల్లెలింటికి సింగరాయకొండ వెళ్ళింది. మధ్యాహ్నం మా బావమరిది ఆకలితో దిగాడు. పొయ్యి మీద రెండు గిన్నెలున్నాయి. ఒకదాంట్లో వంకాయ కూర. రెండోదాని మూత తీసి, అందులోది అన్నంలో వేసి, వినయంగా వడ్డించాను.

"అక్క ఉప్పూ కారం మర్చిపోయిందేంటి బావా?"

"ఈ వయసులో అలాగే తినాలన్నారు."

రెండు ముద్దలు తిని, "చప్పగా ఉన్నా ఒంటికి తేలిగ్గా ఉంది, ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. గిన్నె ఊడ్చి వేశాను. పండుకి మళ్ళీ ఉడకేశాను. ఈ సంగతి అతనికి ఇంకా చెప్పలేదు, చెప్పే తొందరా లేదు. తింటున్న అతని మీసం, ఎదురుగా కూర్చుని ఆ కంచం వంకే చూస్తున్న పండు మూతి, రెండూ తెల్లబడ్డాయని ఆ పూటే గమనించాను. ఆసుపత్రిలో మూడు రోజుల పాటు గడియారంలో కదలనే కదలని కాలం, ఈ పని ఎప్పుడు చేసుకుపోయిందో.