మంచులో ఆగు

బరంపురంలో మా అప్పడాల కొట్టు వారం రోజులు మూసేసి, మా ఆయనా నేనూ స్కీయింగ్ నేర్చుకుందామని గుల్‌మార్గ్ వెళ్లాం. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, బయటి ఊళ్ల బేరగాళ్లతో హిందీ మాట్లాడేదాన్ని. కాళ్లకు ఆ పొడవాటి పలకలు కట్టి వాలు అంచున నిలబెట్టగానే తెలుగు తప్ప అన్నీ మరిచిపోయాను.

జారుతున్న పలకలను చూసి "ఆగు, ఆగు" అని అరిచాను. నేర్పించే కశ్మీరీ మాస్టారికి అది హిందీ "ఆగే"లా వినిపించింది. ముందుకు పంపమంటున్నాననుకుని వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. నేను అరిచేకొద్దీ తోశాడు. వారమంతా ఇదే వరస.

ఆఖరి రోజు కొత్తగా వచ్చినవాళ్లకు నన్ను చూపించి, "ఈ దీదీ పడిపోతూ కూడా ముందుకే అంటుంది. ఒడిశా యాసలో ఆగు అంటుంది. మీరూ అలాగే అనండి" అన్నాడు హిందీలో.

మా ఆయన నా చెవిలో, "ఆగంటే ఏటో సెప్పీమంటావేటి?" అన్నాడు.

"మీరు ఊరుకోండి" అన్నాను, కాస్త నిటారుగా నిలబడి.

అప్పటికే కొత్తవాళ్లంతా "ఆగు, ఆగు" అని అరుస్తూ కిందికి జారిపోతున్నారు.