మూడు రంగుల్లో అప్పగింతలు

మొన్న ఆత్మకూరులో మా అన్న కూతురు ఫోను మూతి దగ్గర పెట్టుకుని ఏదో అంటుంటే, అన్నది అన్నట్టు తెలుగులో తెరమీద పడిపోతోంది. ఒత్తులు కింద, గుడులు పైన, ఎక్కడివక్కడ. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. "ఏందత్తా, గట్ల చూస్తున్నవ్?" అంది. ఒక్క ఒత్తు కోసం నేను పడిన పాట్లు దానికేం తెలుసు! చెబుదామంటే అప్పటికే ఫోను చెవికి చేరింది. వినేవాళ్లు మీరు దొరికారు కాబట్టి మీకు చెబుతాను.

అప్పట్లో మా అన్నకు బస్టాండు దగ్గర వీడియో స్టూడియో ఉండేది. పెండ్లిళ్లకు వెళ్లి తీసేది అన్న, తీసినదాన్ని కత్తిరించి, అతికించి, డిస్కు చేసేది నేను. బ్లూరే డిస్కులు మా వైపు అప్పుడప్పుడే వస్తున్నాయి. డిస్కు పెట్టగానే టీవీలో ముందు ఒక పట్టిక కనిపిస్తుంది. రిమోట్‌తో అందులో ఏ మాట నొక్కితే ఆ ఘట్టం మొదలవుతుంది. ఆ పట్టిక తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎవరూ చెప్పకుండానే, పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. ఈ పనిలో వనపర్తి దాకా వెతికినా నా అంతటిది లేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎంతోకాలం నిలవలేదు.

మల్దకల్ నుంచి ఒక బడి సారు వచ్చాడు. ఆయన చెల్లెలి పెండ్లి మా అన్నే తీశాడు. పెండ్లికి వారం ముందు వాళ్లమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుని కర్నూలు దవాఖానలో పడింది. ముహూర్తం మార్చొద్దని ఆమే పట్టుబట్టిందట. అలా ఉన్న ఒక్క ఆడబిడ్డ పెండ్లి కళ్లారా చూసుకోలేకపోయింది. ఇప్పుడు ఇంటికొచ్చి మంచంలో ఉంది. సారు పెద్ద టీవీ, డిస్కు పెట్టే యంత్రం కొన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే, పట్టిక తెలుగులో ఉండాలని. వాళ్లమ్మ పెద్దవాళ్ల బడిలో తెలుగు నేర్చుకుంది, ఇంగ్లిషు రాదు. "మాటమాటకు గది పెట్టు, గిది పెట్టు అని ఒకల్ని బతిమాలుడు మా అమ్మకు నచ్చదు మేడం. ఆమె బిడ్డ పెండ్లి ఆమెనే సొంతంగ పెట్టుకొని చూడాలె" అన్నాడు. అదెంత పని సారూ అన్నాను, కంప్యూటరు ముందు కూర్చోకుండానే.

కూర్చున్నాక తెలిసింది. పెండ్లి ఘట్టాల్లో మొదటిది 'మైలపోలు' అని కొడితే బుద్ధిగా వచ్చింది. దానికి ఒత్తు లేదు కదా! 'ఎదుర్కోళ్లు', 'తలంబ్రాలు', 'అప్పగింతలు' మాత్రం ముక్కలు ముక్కలయ్యాయి. ఒత్తులు కిందికి దిగకుండా పక్కకొచ్చి వరుసలో నిలబడ్డాయి. అలాంటి మాటను అక్షరం అక్షరం కూడబలుక్కునే ఆ తల్లి ఎలా చదువుతుంది? వచ్చీరాని ఇంగ్లిషులో సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఉత్తరం రాశాను. మీ లిపికి మా దగ్గర ఏర్పాటు లేదు, దయచేసి ఇంగ్లిషు వాడండి అని ఎంతో మర్యాదగా జవాబొచ్చింది. ఒళ్లు మండిపోయింది. మాటలను బొమ్మలుగా పెట్టుకోవచ్చని పుస్తకంలో ఉంది. ఊళ్లోని ఫ్లెక్సీ దుకాణానికి వెళితే తెలుగు బొమ్మలు చిటికెలో చేసిచ్చేవాళ్లు. కానీ ఆ దుకాణం గడప తొక్కడానికి నాకు మనసొప్పలేదు. మొండితనమే, ఒప్పుకుంటాను.

ఎందుకంటే మా నాయన బోర్డులు రాసే పెయింటరు. ఆత్మకూరు నుంచి గట్టు మండలం దాకా ఎరువుల దుకాణాలు, కిరాణాలు, బడిగోడలు అన్నీ ఆయన చేతి అక్షరాలే. ఫ్లెక్సీలు వచ్చాక పిలిచేవాళ్లు లేరు. బ్రష్‌లు కిరసనాయిలులో ముంచి కడిగి, మళ్లీ అక్కడే పెట్టేవాడు. ఆ రోజు స్టూడియోకు అన్నం తెచ్చి, తెరమీద నా అప్పగింతలను చూశాడు. "ఒత్తు కింద ఉండాలె గద బిడ్డా. గిట్ల పక్కకు రాస్తే మా ఉస్తాదు బ్రష్ ఇసిరికొడుతుండె" అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. నువ్వే రాసియ్యి నాయనా అన్నాను.

ఒక్కో మాటకు మూడు బొమ్మలు కావాలని పుస్తకంలో ఉంది. మామూలుగా ఉన్నప్పుడు తెలుపు, రిమోట్‌లో బాణం నొక్కి దానిమీదికి వస్తే పసుపు, నొక్కితే ఎరుపు. అదే చెప్పాను. నాయన ఎందుకని అడగలేదు. నల్లటి అట్టల మీద సుద్ద పూసిన దారం కొట్టి గీతలు వేసుకుని, రెండు రోజులు కూర్చుని ప్రతి మాటా మూడేసిసార్లు రాశాడు. అన్నీ ఫోటోలు తీసి లోపలికి ఎక్కించాక అన్న వచ్చి, ఒక్కసారి రాపిస్తే రంగు కంప్యూటరే మార్చేది కదా అని పడీపడీ నవ్వాడు. నా మొనగాడితనమంతా గంగలో కలిసింది. ముసలాయన్ను రెండు రోజులు ఊరికే కష్టపెట్టానే అని ఏడుపొచ్చింది. పైగా చేతిరాత, మూడూ మూడు రకాలుగా ఉంటే నొక్కినప్పుడల్లా మాట గెంతుతుంది. భయపడుతూనే బాణం నొక్కాను. తెలుపు పసుపైంది, పసుపు ఎరుపైంది. ఒక్క ఒత్తు కూడా వెంట్రుకవాసి కదలలేదు. అన్న నవ్వు ఆగిపోయింది. మళ్లీ మళ్లీ నొక్కి చూశాడు. నాయన మాత్రం "దారం కొట్టి రాసిన. అది యాడికి పోతది?" అని చేతులు తుడుచుకున్నాడు.

డిస్కు తీసుకుని నాయనా నేనూ మల్దకల్ వెళ్లాం. రిమోట్ ఎలా నొక్కాలో సారు వాళ్లమ్మకు ఒక్కసారే చూపించాను. ఆమె పట్టికలో ఒక్కో మాటా దాటి కిందికి దిగుతూ, పెదవులు కదుపుతూ, చివరి మాట దగ్గర ఆగింది. "అ... ప్ప... గిం... త... లు" అని పైకే చదివి నొక్కింది. ఎర్రబడిన మాట వెనకనుంచి కూతురు వచ్చింది. ఆమె ఏడ్చింది, నవ్వింది, అయిపోగానే ఎవరినీ అడగకుండా మళ్లీ పెట్టుకుంది. సారు గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నాలుగోసారి అయ్యాక, ఈ అక్షరాలు ఎవరివని అడిగింది. గడప దగ్గర నిలబడ్డ నాయనను చూపించాను. "నేను ఒక్కదాన్నే సదువుకున్న, అన్నా. ఎవల్నీ అడగలే" అంది ఆమె. నాయన తలొంచుకుని దండం పెట్టాడు. ఆయన మెడ అంత నిటారుగా నిలబడటం తిరుగు బస్సులో చూశాను, చాలా ఏళ్ల తర్వాత.

ఆ తర్వాత గద్వాల నుంచీ, నాగర్‌కర్నూలు నుంచీ చేతిరాత పట్టికే కావాలని వచ్చేవాళ్లు. నాయన బ్రష్‌లు మళ్లీ ఆరలేదు. కాలం మా నాయన చేతిలో పని లాగేసుకుందని ఊరంతా అనేది. ఆ ఏడాది మాత్రం కాలమే ఆయన దగ్గరికి వచ్చి, ఒత్తులు ఎలా పెట్టాలో అడిగి రాయించుకుని పోయింది.