సుగ్గి వేళకు పరీక్షలు

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా ఆదోని కాలేజీలో నన్ను పీర్ మెంటర్‌ని చేశారు. అంటే మొదటి సంవత్సరం పిల్లలకు దారి చూపే అక్క అన్నమాట. ఒక పూట శిక్షణ ఇచ్చారు. సమయాన్ని ఎలా వాడుకోవాలో, స్టేజీ భయం ఎలా పోగొట్టుకోవాలో చెప్పి, టీ, సమోసా ఇచ్చి పంపారు. నేనేమో ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో నిలబడి వచ్చేదాన్ని. నా సమయమే నా చేతిలో లేదు, ఇంకొకరికేం నేర్పుతాను?

నాకు అప్పగించిన పిల్ల దేవనకొండ వైపు పల్లె నుంచి వచ్చేది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. మొదట్లో లైబ్రరీ బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేది. అకౌంట్స్ మాత్రం నాకంటే ముందే తేల్చేసేది. నాకు కాస్త కుళ్ళుగా కూడా ఉండేది.

మొదటి సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. చదువుకోవడానికి టైంటేబుల్ రాసుకోమన్నాను.

“అక్కా, వచ్చే వారం మేము సుగ్గికి పోతాండాం” అంది.

మా వైపు సుగ్గి అంటే వలస. మెట్ట చేలల్లో పని అయిపోగానే ఇంటికి తాళం వేసి, ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు.

“మరి పరీక్షలు?”

“ఒగదాన్నే ఇంట్లో ఉండనీరు కదక్కా. హాస్టల్లో సీటు లేదన్నారు.”

నాకు ఒళ్ళు మండింది. ఆదివారం ఆ పల్లెకు వెళ్ళాను, పోట్లాడదామనే వెళ్ళాను. వాళ్ళ నాన్న గిన్నెలూ దుప్పట్లూ గోనెసంచుల్లో కట్టుకుంటున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

“సదువు మాన్పిస్తానని నేనెప్పుడు సెప్పినానమ్మా? ఈడొచ్చిన పిల్ల. ఊర్లో ముసిలోళ్ళు తప్ప ఎవురుండరు. యాడ పెట్టి పోయేది, నువ్వే సెప్పు.”

పోట్లాటకు తెచ్చుకున్న మాటలేవీ పనికిరాలేదు. “మా ఇంట్లో ఉంటాది” అన్నాను.

“మీ అమ్మను అడిగినావా?”

“అడిగినాను” అన్నాను. అడగలేదు.

మాది రెండు గదుల ఇల్లు. అందులో ఒక గదంతా మగ్గమే. “ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత! నోరు నీది, వండేది నేను” అంది అమ్మ. తిట్టినంతసేపు తిట్టి, అటక మీది చాప దించి దులిపింది.

పిల్లను దింపడానికి వాళ్ళ నాన్న జొన్నల మూటతో వచ్చాడు. “ఇదంతా ఎందుకన్నా?” అని అమ్మ అంటున్నా, గడప లోపల పెట్టి, కూతురి తల నిమిరి వెళ్ళిపోయాడు.

మగ్గం చప్పుడులోనే ఆ పిల్ల చదువుకుంది. అన్ని పరీక్షలూ రాసింది. చివరిది అయిన మరునాడే కోతకని గుంటూరు బస్సెక్కింది. హాల్ టికెట్ పట్టుకున్న చేతులే ఇక మిరపకాయల మంటకు ఓర్చుకోవాలి. బస్టాండులో నాకు ఏడుపొచ్చింది. తనేమో కిటికీలోంచి నవ్వుతూ చెయ్యూపింది. ఫలితాలు వచ్చాయి, అన్నీ పాసయింది.

మరుసటి ఏడాది తనూ మెంటర్ అయింది. కొత్త పిల్లల ముందు నిలబడి సమయం గురించీ లక్ష్యాల గురించీ మాటే ఎత్తలేదు. “మీలో ఎవరింట్లో సుగ్గికి పోతారు?” అని అడిగింది. ఎవరూ కదల్లేదు. “మేము పోతాం” అంటూ ముందు తనే చెయ్యెత్తింది.

అప్పుడు ఒక్కొక్క చెయ్యీ లేచింది. వెనక బెంచీలో కూర్చున్న నాకు, మా ఇల్లు ఎంత చిన్నదో ఆ చేతుల్ని చూశాక తెలిసింది.