తోక లేచిన బండి

మా వాకిట్లో నిలబడ్డ పికప్ బండిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బండి ఏం చేసింది పాపం అంటుంది మా ఆడపడుచు. బండి ఏమీ చెయ్యలేదు. చేసిందంతా మా ఆయన, ఆయన ఏమడిగితే దానికి తలూపిన మెకానిక్కులు.

మాది కొల్లూరు దగ్గర పల్లెటూరు. నేను మా ఊరి బడిలో టీచరుని. మా ఆయన లంకల్లో కోసిన అరటి గెలలు బండికెత్తి తెనాలి మార్కెట్టుకు తోలతారు. కంపెనీవాళ్లు ఎంత బరువుకు చేశారో అంత బరువే వేసినంతకాలం ఆ బండికి ఏ జబ్బూ లేదు. కానీ గట్టు మీద గెలలు మిగిలిపోతే మనసొప్పదు కదా. ఇంకో నాలుగు, ఇంకో నాలుగు అని పేర్చుకుంటూ పోయేసరికి వెనక భాగం కుంగిపోయి, బండి ముక్కు పైకెత్తి ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టింది.

మా వైపు డ్రైవర్లకు అది పెద్ద పరువు తక్కువ. ఖాళీగా నిలబెట్టిన బండికి తోక లేచి ఉండాలి. తోక లేచి ఉంటే ఎంత బరువైనా మోస్తుందని వాళ్ల నమ్మకం. తోక దిగిందంటే టీ కొట్టు దగ్గర నలుగురికీ నవ్వులాట. "ఏంటి బాబాయ్, బండి చతికిలపడిందే, మంచమేసి పడుకోబెట్టకపోయావా" అన్నారట ఎవరో. ఆ మాట పట్టుకుని ఈయన అన్నం సరిగ్గా తినలేదు. నేను జ్వరంతో మూలుగుతున్నప్పుడు మాత్రం శుభ్రంగా తిన్నారు.

ముందు తెనాలి తీసుకెళ్లారు. బండి వెనక చక్రాల మీద ఇనప పట్టీలు విల్లులా వంచి ఒకదాని మీద ఒకటి బిగించి ఉంటాయి. కమాను కట్ట అంటారు. బరువంతా దానిదే, కుదుపంతా దానిదే. ఆ కట్టలో రెండు పక్కలా అదనంగా పట్టీలు వేయించారు. తోక లేచింది. ఈయన మీసమూ లేచింది. అయితే బరువున్నప్పుడు బాగానే నడిచే బండి ఖాళీగా వస్తుంటే బంతిలా ఎగరడం మొదలుపెట్టింది. అది షాకబ్జర్ల దోషమని ఎవరో చెబితే బాపట్ల వెళ్లి, కంపెనీవి పీకించి, బయట దొరికే లావుపాటి షాకబ్జర్లు వేయించారు. ఎగరడం తగ్గింది. దాని బదులు ప్రతి గుంతా తిన్నగా వెన్నులోకి గుద్దడం మొదలైంది. ఆ తర్వాత ఫోనులో ఏదో వీడియో చూసి, రబ్బరు గాలి సంచులు తెప్పించి, రేపల్లెలో కట్టకూ ఛాసిస్‌కూ మధ్య పెట్టించారు. వాటిలో టైరుకు కొట్టినట్టు గాలి కొట్టించారు. ఎంత కొట్టాలో డబ్బా మీద రాసి ఉందని నేను చూపిస్తే, "డబ్బా మీద సవాలక్ష రాస్తారే" అని నవ్వేశారు.

ఏ ఊరి మెకానిక్కు దగ్గరికి వెళ్లినా మొదటి మాట ఒకటే. బండి కిందికి తల పెట్టి చూసి, "ఎవరేశారండీ ఇది? మొత్తం చెడగొట్టేశారే" అనేవాడు. అని, తనవంతు తానూ చెడగొట్టి పంపేవాడు. తిలా పాపం తలా పిడికెడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా బండికి కొండనాలుకా లేదు, నాలుకా లేదు, ఎత్తుగా తోకొకటి మిగిలింది.

నాకు ఇదంతా ఎలా తెలుసంటే, ఆ బండి వెనక కూర్చునేదాన్ని నేను. మా చర్చి సంఘం ఆడవాళ్లం ఆదివారాల్లో రేపల్లె వైపు ప్రార్థన కూటాలకు వెళ్లాలంటే ఆ బండే. అందరం ఇరుక్కుని కూర్చుని పాటలు పాడుకుంటూ వెళ్లినంతసేపూ ఏ కుదుపూ తెలిసేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కరే వాళ్ల వాళ్ల వీధి దగ్గర దిగిపోయేవాళ్లు. చివరికి నేనూ, పాస్టరమ్మగారూ మిగిలేసరికి బండి మమ్మల్ని చేటలో బియ్యంలా చెరిగేది. పాస్టరమ్మగారు "స్తోత్రం, స్తోత్రం" అంటూ కడ్డీ పట్టుకునేవారు. నేను ఇంటికి రాగానే చెప్పేదాన్ని. "ఏమండీ, బరువు లేనప్పుడు ఆ బండి మనుషులెక్కేది కాదు. ఒకటి రెండు పట్టీలన్నా తీయించండి." ఆయన కాళ్లు కడుక్కుంటూ వినేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం వాడు కొరుకుతున్నావేంటని అడుగుతాడు. ఈయన అదీ అడిగేవారు కాదు.

నా నడుంలో డిస్కు జారింది. అది బండి వల్లే అని నేను అనను, డాక్టరుగారూ అనలేదు. తెనాలిలో ఆపరేషన్ చేశారు. ఎడమ కాలికి అప్పటికే తిమ్మిరి పట్టి ఉంది. ఇంటికి పంపించే రోజు డాక్టరుగారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, అంటే నన్ను పడుకోబెట్టి ఆయన్ని కూర్చోబెట్టి, స్పష్టంగా చెప్పారు. "అమ్మకి కుదుపు తగలకూడదు. ఇప్పుడు గట్టి దెబ్బ తగిలితే మళ్లీ జారుద్ది. మళ్లీ జారితే ఆ కాలు సంగతి నేను చెప్పలేను." నేను బోర్డు దగ్గర నిలబడి బతికే మనిషిని. ఆ కాలు లేకపోతే నా బడి లేదు, నా జీతం లేదు, నా ఇష్టానికి నేను వంటింట్లోంచి వాకిట్లోకి నడవడం కూడా లేదు.

మా తమ్ముడు కారు మాట్లాడతానన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. "కారులో కూర్చోవాలి, మన బండిలో అయితే పరుపేసి పడుకోబెట్టి తీసుకుపోతా. కొత్త గాలి సంచులు కూడా ఉన్నయ్, పూలరథంలా పోద్ది" అన్నారు. కూర్చుంటే నాకు నొప్పిగానే ఉంది. నర్సులు కూడా పడుకుని వెళ్లడమే మేలన్నారు. సరేనన్నాను. ఆ సరే అన్నందుకు నా మీద నాకు ఎంత కోపమో చెప్పలేను.

తెనాలి దాటేదాకా రోడ్డు నున్నగా ఉంది. అది దాటాక మొదటి గుంతలోనే నేను పరుపు మీంచి లేచి పడ్డాను. ఆపరేషన్ చేసిన చోట కత్తి పెట్టి తిప్పినట్టయింది. అరిచాను. ముందు సీటుకు వినపడలేదు. రెండో గుంతకు మళ్లీ. పక్కన పడి ఉన్న ఇనప గొలుసు తీసుకుని క్యాబిన్ వెనక అద్దం మీద కొట్టాను. పగిలితే పగిలింది అనుకున్నాను.

ఆయన దిగి వచ్చి, నా మొహం చూసి కంగారుపడ్డారు. అది అబద్ధం కాదు. కానీ చేసిందేంటంటే, బండి కిందికి దూరారు. "గాలి ఎక్కువైందేమోనే" అని సంచుల్లో గాలి వదిలారు. ఒక పక్కది కాస్త దిగింది, రెండో పక్కది ఎక్కడో చిల్లు పడి ఉందేమో మొత్తం దిగింది. బండి ఎడమ పక్కకు ఒరిగింది. పరుపుతో సహా నేనూ ఒరిగాను. అలాగే కొంత దూరం తీసుకెళ్లారు. ఇప్పుడు గుంత వస్తే గుద్దుడుతో పాటు కింద ఇనుమూ ఇనుమూ కొట్టుకుని టంగుమంటోంది. వేమూరు దగ్గరికొచ్చేసరికి ఎడమ పాదం నాది కానట్టు ఉంది. నాకు భయమేసింది. భయం కంటే ముందు కోపమొచ్చింది. మళ్లీ అద్దం మీద కొట్టాను.

"ఇక కదిలించకండి. నన్ను ఇక్కడే దించెయ్యండి."

"దించి ఏం చేస్తానే? ఇంకెంతో దూరం లేదుగా, ఓర్చుకో."

"ఓర్చుకునేది నేను. మీకేం తెలుసు దూరమెంతో?"

"మరేం చెయ్యమంటావు చెప్పు!"

"బరువెక్కించండి," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నొప్పికి మతి పోయిందనుకున్నారు. నేను పళ్ల బిగువున చెప్పాను. "ఆదివారం అందరం ఎక్కినప్పుడు ఈ బండి కుదపలేదు. ఖాళీ అయితేనే కుదుపుతుంది. మీరు చేయించిందంతా బరువు కోసం. నా బరువు దానికి చాలట్లేదు. ఎక్కడి నుంచన్నా బరువు తెచ్చి వెయ్యండి." రోడ్డు మీద బరువెక్కడ దొరుకుతుందని ఆయన అరిచారు. మీ తల మీదెక్కించుకోండి అని నేనూ అరిచాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను నడిరోడ్డు మీద మొగుణ్ణి అలా అనడం అదే మొదలు.

రోడ్డు పక్కన మినప చేలో కలుపు తీసి ఇంటికెళ్లే ఆడవాళ్లు ఆటో కోసం నిలబడి ఉన్నారు. మా గోల విని దగ్గరికొచ్చారు. విషయం నేనే చెప్పాను. ఈయన చెప్పే స్థితిలో లేరు. ఒకావిడ నోరు నొక్కుకుని నవ్వింది. "అయితే మమ్మల్ని బస్తాల బదులు ఎక్కించుకుంటారా టీచరుగారూ?" అంది. "మా వాళ్లంతా ఎండుకట్టెలండి, బరువు సరిపోదేమో" అంది ఇంకొకావిడ. వాళ్లది కొల్లూరు దారిలోని ఊరే. ఎక్కారు. నా చుట్టూ సర్దుకున్నారు. ఒక పెద్దావిడ నా తల కింద తన టిఫిన్ సంచి పెట్టి, నా ఎడమ కాలు తన ఒళ్లోకి తీసుకుంది. ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. చెమట వాసన, పచ్చి గడ్డి వాసన.

బండి కదిలింది. గుంత వచ్చింది. కుదుపు పోలేదు, కానీ సగానికి సగం తగ్గింది. ఒళ్లు గాల్లోకి లేవలేదు. "ఇప్పుడెట్టా ఉందమ్మా?" అని అడిగింది పెద్దావిడ. నేను ఏడ్చేశాను. నొప్పికి కాదు. నా నడుం ఎలా ఉందని దారి పొడవునా అడిగిన మొదటి మనిషి ఆవిడే.

వాళ్ల ఊళ్లో వాళ్లు దిగిపోయాక, ఈయన మా బావగారికి ఫోన్ చేసి మా ఊరి నుంచి వడ్ల బస్తాలు తెప్పించి వేయించారు. నా పక్కన బస్తాలు సర్దిస్తూ, వెనక్కెళ్లి చక్రాల వైపు వంగి చూసి, "చూశావా, అంతమంది ఎక్కినా, ఇన్ని బస్తాలు ఏసినా తోక దిగలా" అన్నారు. నిజంగా అన్నారు. దేవుడి తోడు. దున్నపోతు మీద వాన పడితే అదన్నా చెవులు ఆడిస్తుంది.

మంచం మీద పడుకున్నన్నాళ్లూ నేను ఆయనతో ముక్తసరిగానే మాట్లాడాను. అన్నం ఆయనే వండారు, గంజి ఆయనే వార్చారు, మందులు వేళకిచ్చారు. మంచివాడే, నేను కాదనను. మంచితనానికీ వినడానికీ సంబంధం లేదని మాత్రం అప్పుడే తెలిసింది. పాదానికి మెల్లగా స్పర్శ వచ్చింది. మళ్లీ డాక్టరుగారికి చూపించడానికి మా తమ్ముడి కారులో తెనాలి వెళ్లాను. ఈయన బండి తోలుకుని వెనకే వచ్చారు. ఎందుకంటే చిల్లు పడ్డ గాలి సంచి తీసేసి ఇంకా పెద్దది పెట్టించాలట.

ఆ మాట విన్నాక నేను ఇంటికి పోలేదు. కర్ర పట్టుకుని మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. అక్కడ అందరూ నన్ను చూసి కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు.

"ఆ ఎక్కువేసిన పట్టీలు తీసెయ్యండి. ఆ సంచులూ తీసెయ్యండి," అన్నాను మెకానిక్కుతో.

అతను నావైపు చూడలేదు. నా మొగుడి వైపు చూశాడు. "ఏం బాబాయ్, తియ్యమంటారా? తీస్తే బండి కుంగుద్దండి. తర్వాత నన్ననకూడదు."

ఈయన తల గోక్కున్నారు. "ఆవిడకేదో భయం పట్టుకుందిలే. సంచి మార్చు చాలు."

అరిచి ఉంటే షెడ్డంతా నవ్వేది, ఆడవాళ్ల గోల అని తేల్చేసేది. నేను అరవలేదు. "ఏమండీ, బండి ఎక్కండి," అన్నాను. డోరు తీయబోయారు. "ముందు కాదు. వెనక. ఎక్కి వెల్లకిలా పడుకోండి. పరుపు కూడా అడగకండి."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. పది మంది చూస్తుండగా కాదంటే బాగోదని ఎక్కి పడుకున్నారు, చేతులు తల కింద పెట్టుకుని, మామిడి తోటలో కునుకు తీసేవాడిలా. బండిని మెకానిక్కు తోలాడు, పక్క సీట్లో మెల్లగా నేను కూర్చున్నాను. కాలవ వంతెన దాకా వెళ్లి రమ్మన్నాను. నెమ్మదిగానే తోలాడు, తప్పు చెప్పకూడదు. వంతెన ముందు స్పీడు బ్రేకరు ఉంది. ముందు చక్రాలు మెత్తగా దిగాయి, నా నడుముకు కుదుపే తెలియలేదు. వెనక చక్రాలు దిగగానే ధడేలుమంది. ఆ వెంటనే క్యాబిన్ మీద గుద్దులు మొదలయ్యాయి. "ఆపు! ఆపరా బాబూ, ఆపు!"

ఆయన దిగడానికి మెకానిక్కు చెయ్యివ్వాల్సి వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. నన్ను చూడలేదు. "తీసెయ్యి," అన్నారు అతనితో. "అన్నీ తీసెయ్యి. కంపెనీ కట్ట ఒక్కటే ఉంచు." అతను ఈసారి ఎవరి వైపూ చూడకుండా తలూపాడు.

తర్వాత నా దగ్గరికొచ్చారు. గొంతు తగ్గించి, నిజంగా బాధపడుతూనే అడిగారు.

"ఇంత ఘోరంగా కొడతదని నాకెప్పుడూ చెప్పలేదేంటే?"

"చెప్పానండీ," అన్నాను. "అప్పుడు మీరు ముందు సీట్లో ఉన్నారు."