ఊదని రెండు విజిళ్లు

ఆదివారం పొద్దున ఏడింటికి మెడలో విజిల్ వేసుకుని పటేల్‌గూడ బాస్కెట్‌బాల్ కోర్టులో నిలబడతాను. పదకొండింటికల్లా నాకు కళ్లు లేవనీ, బుర్ర లేదనీ, అవతలి జట్టువాళ్లతో కుమ్మక్కయ్యాననీ కనీసం పదిమంది నోట వింటాను. అలవాటైంది. అలవాటైనంత మాత్రాన ఒళ్లు మండకుండా ఉంటుందా? వారమంతా ఫ్యాక్టరీల్లో తల వంచుకుని పనిచేసే మనుషులు ఆ ఒక్క పూట నా ముందు గొంతులు చించుకుంటారు. అవతలివాడి చేతి మీద ఫెళ్లున కొట్టి, "నేనేం జేసిన సార్, ముట్టనే ముట్టలే!" అని తల్లి మీద ఒట్టేస్తారు. ముట్టనివాడి గోటి గాటు ఆ చేతి మీద ఎర్రగా కనిపిస్తూనే ఉంటుంది.

బాస్కెట్‌బాల్ ఆడడం మానేసి చాలా ఏళ్లయింది. మోకాలు మొరాయించింది. మా నాన్న ఇక్కడి పెద్ద ప్లాంటులో ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. నేను పుట్టింది ఇక్కడే. ఇంట్లో ఒక యాస, గడప దాటితే ఇంకో యాస. పటాన్‌చెరులో పంపుల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ పని నాది. కొలత సరిపోయినదానికి నా ముద్ర, సరిపోనిదానికి ఎర్ర ట్యాగు. ఆదివారం ఆటలకు కూడా నన్ను పిలవడానికి కారణం అదే అనుకుంటాను. ఫ్యాక్టరీల జట్లు, సంగారెడ్డి దుకాణదారుల జట్టు, కాలనీ జట్లు కలిసి ఆడుకునే పోటీలవి. పెట్టేది ఒక చిన్న కమిటీ. "ఆయన ఎవలకైనా ఒకటే విజిల్ కొడతడు" అని ఆ కమిటీవాళ్లు నా గురించి అంటారు. ఇన్ని తిట్లు తిన్నందుకు నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. మా సొంత ఫ్యాక్టరీ జట్టు ఆడినప్పుడు కూడా నేనే రిఫరీనంటే ఎవరూ కాదనలేదు.

మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. ముక్క కొలత కాస్త తేడాగా ఉండి, అయినా పనికొస్తుందనుకుంటే, డీవియేషన్ అని ఒక కాగితం రాసి, పైవాళ్ల సంతకం పెట్టించి పంపేస్తారు. ఆ మాట ఎప్పుడు ఫ్యాక్టరీ గేటు దాటిందో గాని, మెల్లగా కోర్టుకు కూడా వచ్చింది. ఎవడైనా బంతి పట్టుకుని ఒక అడుగు ఎక్కువ వేస్తే, నేను విజిల్ నోట పెట్టుకునేలోగా చుట్టూ కేకలు: "డీవియేషన్‌ల పోనియ్ సార్!" మొదట్లో నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ మాట అందరికంటే ఎక్కువగా వాడేది మా ప్రొడక్షన్ మేనేజర్. నలభై అయిదు దాటినా దూరం నుంచి బంతి విసిరితే రింగులో పడాల్సిందే, అంత గురి. నోరు మాత్రం మహా చెడ్డది. వారంలో ఆరు రోజులు నా బల్ల ముందు నిలబడి నేను ఎర్ర ట్యాగు వేసిన ముక్కల కోసం వాదిస్తాడు. ఏడో రోజు మా జట్టు బనీను తొడుక్కుని కోర్టులో వాదిస్తాడు. నా జీతం పెంచాలా వద్దా అన్న కాగితం మీద ఆయన మాట కూడా ఉంటుంది.

ఆటలో నోరు పారేసుకుంటే, బంతి మీద కోపం చూపిస్తే టెక్నికల్ ఫౌల్ ఇవ్వాలి. అలాంటివి రెండు పడితే ఆ ఆటగాడు బయటికి నడవాలి. కావాలని ఎదుటివాణ్ణి దెబ్బతీస్తే ఒక్కసారికే. పిల్లలకైనా అర్థమయ్యే నియమం.

ఆ ఆదివారం సెమీఫైనల్. మా ఫ్యాక్టరీకీ, సంగారెడ్డి జట్టుకీ. వాళ్ల కెప్టెన్‌కు పాత బస్టాండు దగ్గర బ్యాటరీల దుకాణం ఉంది. ముప్పై ఏళ్లుంటాయి, పొడుగ్గా ఉంటాడు, మాట నెమ్మది. రెండో క్వార్టర్‌లో నేను అతని మీద ఒక తప్పు పట్టాను. చిరాకులో బంతిని నేలకేసి కొట్టాడు. అది ఇంకా పైకి లేస్తుండగానే టెక్నికల్ ఫౌల్ ఊదాను. అతను చెయ్యెత్తి, "గలత్ అయింది సార్" అన్నాడు. అంతే, ఆటలోకి వెళ్లిపోయాడు. అందరూ అలా ఉంటే రిఫరీ పని ఎంత సుఖం!

మూడో క్వార్టర్‌లో మా మేనేజర్ మీద ఫౌల్ ఇచ్చాను. ఆయన బంతిని కాలితో తన్నాడు. అది వెళ్లి ప్రహరీ గోడకు తగిలింది. "ఏంది వయ్యా, ఆట చూస్తున్నవా, ఫోన్ చూస్తున్నవా?" అని నా మీదికి వచ్చాడు. విజిల్ నా పళ్ల మధ్యే ఉంది. ఊదాలి. ఊదలేదు. దాన్ని నోట్లోంచి తీసి, "సార్, ప్లీజ్ సార్, జెర కూల్‌గ ఉండుండ్రి" అన్నాను.

రిఫరీ ఆటగాణ్ణి బతిమాలడం ఎక్కడైనా ఉంటుందా? మా దగ్గర ఉంటుంది. సోమవారం సార్ అయినవాడు ఆదివారం కూడా సారే.

సంగారెడ్డి కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు. "సార్, నేను బంతి కొడితే విజిల్ కొట్టినవ్ గద. ఆయన తన్నిండు."

"వార్నింగ్ ఇచ్చిన భాయ్."

"నాకియ్యలే గద సార్ వార్నింగు."

"ఆట ఆడు" అని కసిరాను. తప్పు నాదై, కసురు అతనికి.

కాసేపటికి మరో ఫౌల్. ఈసారి మేనేజర్ నా ముఖానికి మూరెడు దూరంలో నిలబడి చప్పట్లు కొట్టాడు. "వా, వా! నా మాల్‌కు ఎర్ర ట్యాగు, నాకు ఫౌలు. ఇంక వేరే పని లేదా నీకు?" మా జట్టంతా పగలబడి నవ్వింది. స్కోరు రాసే మనిషి పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. నేను చెయ్యెత్తి సైగ చేస్తే రాయడానికి. నేను అతని దగ్గరికి వెళ్లి, "ఎంత టైమ్ ఉంది?" అని అడిగాను. టైమ్ ఎంతుందో నాకు తెలుసు. అతను చెప్పి, పెన్ను కింద పెట్టాడు.

నాలుగో క్వార్టర్‌లో సంగారెడ్డి రెండు పాయింట్లు ముందుంది. వాళ్ల కెప్టెన్ పక్క నుంచి ఎగిరి బంతి వేశాడు. అతను గాల్లో ఉండగా మా మేనేజర్ కిందికి చూశాడు. చూసి, అతను దిగే చోటికి తన బూటు జరిపాడు. నాలుగడుగుల దూరంలో ఉన్నాను. పొరపాటున జరిగిందని నాకు నేను చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా చూశాను. కెప్టెన్ పాదం ఆ బూటు మీద పడి మెలిపడింది. కుప్పకూలాడు.

అప్పుడు ఊదాను. ఊపిరంతా పెట్టి ఊదాను. బయటికి పొమ్మని గేటు వైపు చెయ్యి చూపించాను.

"డీవియేషన్‌ల పోనియ్ వయ్యా. ఆటన్నంక గిసొంటివి అయితయ్" అన్నాడాయన.

"బయటికి నడువుండ్రి సార్" అన్నాను. అప్పుడు కూడా సార్! నా నోటిని నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఆయన గొణుక్కుంటూ వెళ్లాడు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు, నేనేదో ఘనకార్యం చేసినట్టు. సంగారెడ్డివాళ్లు కెప్టెన్‌ను ఆటోలో ఎక్కించి, మిగిలిన నలుగురితోపాటు బెంచీ మీదున్న ఒకణ్ణి దింపి ఆడారు. మూడు పాయింట్లతో ఓడిపోయారు.

సోమవారం నేను యుద్ధానికి సిద్ధపడి ఫ్యాక్టరీకి వెళ్లాను. మేనేజర్ టీ కప్పుతో నా బల్ల దగ్గరికి వచ్చాడు. "నిన్న మస్తు జోరు మీదున్నవ్ గదయ్యా!" అని నవ్వాడు. నేను ఎర్ర ట్యాగు వేసిన నాలుగు ముక్కలు చూసి, పక్కన పెట్టించి, వెళ్లిపోయాడు. కోపం లేదు, పగ లేదు. ఏ మనిషికి భయపడి నేను రెండుసార్లు విజిల్ మింగానో, ఆ మనిషికి అది ఒక రోజు కూడా గుర్తుండే సంగతి కాదు. ఆయన నన్ను సతాయించి ఉంటే నా భయానికి ఒక కారణమైనా దొరికేది. అదీ దక్కనివ్వలేదు.

గురువారం సాయంత్రం సంగారెడ్డి వెళ్లాను. కెప్టెన్ దుకాణంలోనే ఉన్నాడు. కాలికి పిండికట్టు, దాన్ని ఒక ఖాళీ డబ్బా మీద పెట్టుకుని కూర్చున్నాడు. బ్యాటరీలు దించడానికి తమ్ముణ్ణి రప్పించుకున్నాడట. నన్ను చూడగానే స్టూలు లాగి చాయ్ చెప్పాడు. ఆ మర్యాద భరించడం నాకు కష్టమైంది.

"మాఫ్ చెయ్యి భాయ్" అన్నాను.

"నువ్వేం జేసినవ్ సార్, బయటికి పంపినవ్ గద" అన్నాడు. కట్టు కాలిని డబ్బా మీద సర్దుకుని, మెల్లగా అన్నాడు: "గుస్సా కాదు సార్, మామూలుగ అంటున్న. బంతి తన్నినప్పుడు ఒకటి. చప్పట్లు కొట్టినప్పుడు ఒకటి. రెండాయె. నేను ఎగిరినప్పుడు ఆయన కోర్టుల ఉండకపోతుండె."

"అవును" అన్నాను. ఆ నాలుగు రోజులూ నేను లెక్కపెట్టుకున్నది కూడా అదే.

చాయ్ వచ్చింది. అతను గ్లాసు నా చేతికిచ్చి, నా ముఖం వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ అన్నాడు: "ఇంకో మాట సార్. మావోళ్లు కమిటీకి చెప్పిండ్రు. ఇగ మా మ్యాచులకు నిన్ను ఎయ్యొద్దని. నేను వద్దన్న. ఇనలే."

"మంచిపని జేసిండ్రు" అన్నాను. అతని జట్టులో నేనుంటే, ఈ రిఫరీ వద్దని కమిటీకి అందరికంటే ముందు నేనే వెళ్లి చెప్పేవాణ్ణి.