రజాక్ మామ, రెండు ఓడ కంపెనీలు

1996 ఏప్రిల్‌లో ఒక పొద్దున రజాక్ మామ రెండు పెద్ద కవర్లు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. మా బాపు అప్పుడే స్కూలుకు పోవడానికి సైకిలు బయటికి తీస్తున్నాడు. ఇద్దరూ కొత్తకోట బడిలో ఒక్క బెంచీ మీద కూర్చొని చదివినవాళ్లు.

"ఇస్రాయేలూ, నీతోని పని లేదు. నీ బిడ్డతోని పనుంది" అన్నాడు మామ.

"అది ఎవ్వలతోని మాట్లాడదు గదరా. పుస్తకాలతోనే మాట్లాడుతది."

"నాగ్గూడ చదివేటోళ్లే కావాలె. మాట్లాడెటోళ్లు మా ఇంట్ల ఉన్నరు."

నేను అప్పటికి ఇంగ్లీషు ఎమ్మే పూర్తి చేసి ఏడాదయింది. ఉద్యోగం లేదు. ఆ కవర్లలో ఒకటి మామ పన్నెండేళ్లుగా పనిచేస్తున్న ఓడ కంపెనీది. రెండోది ఆయనను పనికి రమ్మంటున్న వేరే కంపెనీది. మే నెల ఆఖరులోపల ఏదో ఒకదానికి బొంబాయి ఏజెంటు ద్వారా జవాబు పంపాలి. రెండూ చదివి, ఏది మంచిదో ఒక్క కాగితం మీద రాసి పెట్టమన్నాడు.

రజాక్ మామ చిన్నప్పుడు పెద్ద రోడ్డు మీది హోటల్లో చాయ్ కప్పులు కడిగాడు. బెంగుళూరు పోయే లారీ ఒకటెక్కి ఎటో పోదామనుకున్నవాడు ఎట్లనో బొంబాయి చేరాడు. అక్కడ ఒక హోటల్లో గదులు ఊడ్చే పని. ఎనభై నాలుగులో ఓడ. చుట్టూ సముద్రం తప్ప మరేమీ లేని చోట, ఊరికే తిరగడానికే డబ్బు పెట్టి వచ్చే తెల్లవాళ్ల గదులు శుభ్రం చేయడం ఆయన ఉద్యోగం. పది నెలలు ఓడ, రెండు నెలలు ఇల్లు. మొదట్లో కింది అంతస్తులోని చిన్న గదులు, తర్వాత కిటికీ ఉన్న గదులు, ఆఖరుకు పై అంతస్తులోని సూట్లనే పెద్ద ఖరీదైన గదులు. పన్నెండు సూట్లు ఆయన చేతి కింద ఉండేవి. రోజుకు రెండుసార్లు ఒక్కొక్క దాంట్లో మోకాళ్ల మీద కూర్చొని స్నానాల గది తుడవాలి. ఆ యేడు నమాజులో వంగితే లేవడానికి గోడ పట్టుకోవలసి వస్తున్నదని ఆయన భార్య తాహేరా అత్త చెప్పింది.

నేను నోటుబుక్కులో ఒక పేజీకి నడుమ గీత గీశాను. ఎడమ పక్క పాత కంపెనీ, కుడి పక్క కొత్త కంపెనీ. కవర్లలో ఉత్తరాలతోపాటు ప్రయాణికులకిచ్చే రంగుల పుస్తకాలు కూడా ఉన్నాయి. మామ వాటినే ముందు తెరిచాడు.

"ముందు ప్యాసింజర్ల సంగతి రాయి. వాళ్లు సుఖంగ ఉంటెనే మన పని సుఖంగుంటది. మా దాంట్ల అయిదుసార్లొస్తే వెండి బిళ్ల. పదిసార్లొస్తే బంగారు బిళ్ల. బంగారు బిళ్లోళ్లకు రోజు పండ్ల పళ్లెం, బట్టలు ఉత్తగనే ఉతికిస్తరు, రేవు రాంగనే అందరికన్న ముందుగాల దిగనిస్తరు. ఇరవై అయిదుసార్లొస్తే కప్తానుతోని భోజనం."

"ఇంకో కంపెనీలో సార్లు కాదు మామా, రాత్రులు లెక్క పెడతారట" అన్నాను పుస్తకం చూసి.

"గదే మంచి లెక్క! మా దాంట్ల ఏమైతది? మూడు దినాల టూరు పదిసార్లు చేసి బంగారు బిళ్ల పెట్టుకుంటరు. ఇంకొకాయన నెల దినాల టూరు రెండుసార్లు చేస్తడు, ఆయనకు ఏ బిళ్లా లేదు. ఎవరు పెద్దమనిషి?"

ఆయన సూట్ల గురించి కూడా అట్లనే చెప్పాడు. తమ ఓడలో సూటు వాళ్లకు బాల్కనీ పెద్దది గాని భోజనం అందరితోపాటే. ఆ ఓడలో వాళ్లకు వేరే భోజనాల గది ఉందట, గదిలోకే వంటకాలన్నీ వరసగా తెచ్చి పెడతారట. "అంటే గా ప్లేట్లు మోసేది మనమే" అని, నేను పెన్ను ఆపడం చూసి, "రాయి, రాయి" అన్నాడు. నేను కొత్తకోట దాటి చూసినవి మహబూబ్‌నగరు, హైదరాబాదు. అయినా ఆయన చెబుతుంటే, ఏ బస్సులో ముందు సీటు మంచిదో, ఏ బస్సులో వెనక కుదుపు తక్కువో మనవాళ్లు చెప్పినంత తేలికగా అర్థమయ్యేది.

పక్కింటి గుర్వమ్మ మా గడపలో కూర్చొని బియ్యంలో రాళ్లేరుతూ అంతా వింటున్నది. మా వాడలో నల్లా నాలుగు రోజులకొకసారి వచ్చేది.

"ఏమయ్య రజాకూ, గంత సముద్రం నడుమ తిరుగుతరు, తానానికి నీళ్లుంటయా?"

"వేడి నీళ్లు, చల్ల నీళ్లు రెండుంటయి అక్కా. కూసోనీకి తొట్టి గూడ."

"గట్లయితే గా నల్లా పైపొకటి ఇటు మలుపు. నీకు నేనే బంగారు బిళ్ల ఇస్త."

మామ నవ్వాడు. కాని ఆయన అసలు వచ్చింది ఈ బిళ్లల కోసం కాదు. పాత కంపెనీ ఆ సంవత్సరమే పనివాళ్ల కోసం ఒక కొత్త పద్ధతి పెట్టింది. పదేళ్లు విడవకుండా పనిచేసినవాళ్ల భార్య ఒక వారం రోజులు ఓడలో ప్రయాణికురాలిగా ఉండవచ్చు. ఖాళీ ఉంటే బాల్కనీ ఉన్న గదే ఇస్తారు. ఆ దరఖాస్తు కాగితం ఆయన ఓడ దిగేటప్పుడే జేబులో పెట్టుకొని తెచ్చుకున్నాడు. వచ్చిన మూడోనాడే తాహేరా అత్తను మహబూబ్‌నగర్‌కు తీసుకుపోయి పాస్‌పోర్టుకు ఫొటో తీయించాడు. వాడంతా ఆ మాట పాకింది. కొత్త కంపెనీలో కూడా అటువంటిదే ఉంది గాని, వాళ్ల దగ్గర ఆరు కాంట్రాక్టులు, అంటే ఆరుసార్లు ఓడ ఎక్కి దిగడం, నిండాలి. మామకు అక్కడ ఒక్కటీ లేదు.

"మా దాంట్ల నాకు పన్నెండేండ్లు నిండినయి. పదే గద కావాల్సింది" అన్నాడు. "కొత్తోళ్లు పిలుస్తున్నరు గని, తాహేరా ఒక్కపారి ఓడ ఎక్కినంక పోత. రెండు కండ్లతోని చూడాలె ఆమె."

దరఖాస్తులో ఉద్యోగంలో చేరిన తేదీ రాయాలి. కంపెనీ కార్డు చూపించమన్నాను. బనియన్ జేబులోంచి తీసి ఇచ్చాడు. దాని మీద చేరిన తేదీ అని 1991 మే నెల ఉంది.

"గది కార్డు కొత్తగ ఇచ్చిన తేది బిడ్డా. నేను చేరింది ఎనభై నాలుగు."

కార్డు ఇచ్చిన తేదీ వెనక వైపు వేరేగా ఉంది. నేను అది చెప్పలేదు. కాగితాలు ఒకసారి నెమ్మదిగా చదువుతానని ఉంచుకున్నాను. దరఖాస్తుతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో పదకొండో పేజీలో ఉంది విషయం. ఒక కాంట్రాక్టు అయిపోయిన రోజు నుంచి తొంభై రోజుల్లోపల తిరిగి ఓడ ఎక్కకపోతే, అంతకు ముందు చేసిన ఉద్యోగం లెక్కలోకి రాదు. మళ్లీ మొదటి నుంచి.

తొంభై ఒకటిలో ఏం జరిగిందో మా వాడలో అందరికీ తెలుసు. మామ సెలవు మీద వచ్చిన యాభై మూడో రోజున ఆయన తల్లి అన్వరీ బేగం చనిపోయింది. మంచాన పడకుండా, ఎవరితోనూ చేయించుకోకుండా పోయింది. ఆయన ఒక్కడే కొడుకు. నలభయ్యో రోజున చేసే చాలీస్వా ఫాతెహా అయిందాకా కదలలేదు. బొంబాయికి ఫోను చేస్తే ఏజెంటు "పర్వా లేదు, తల్లి కన్న ఎక్కువనా, అయినంకనే రా" అన్నాడు. చాలీస్వా రోజు చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ అన్నం పంపారు. మాకూ వచ్చింది. ఆ తర్వాత మూడో రోజు ఆయన బొంబాయిలో ఓడ ఆఫీసు మెట్లెక్కాడు. వేళ్ల మీద లెక్క వేశాను. తొంభై ఆరో రోజు.

రెండు రోజులు నేను వాళ్లింటి వైపు పోలేదు. ఎనభై నాలుగు అని రాసి పంపేస్తే ఎవరు చూస్తారులే అని కూడా అనుకున్నాను. చూస్తారు. మూడో రోజు సాయంత్రం పుస్తకం తీసుకొని పోయాను. మామ అరుగు మీద కాలికి నూనె రాసుకుంటున్నాడు. అత్త గోధుమలు చెరుగుతున్నది. పదకొండో పేజీ తెరిచి తెలుగులో చెప్పాను. ఆయనకు వినపడలేదు. మళ్లీ చెప్పాను.

ఆయన పుస్తకం తీసుకొని తనకు రాని ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు.

"ఏజెంటు రమ్మన్నడు గద. నేను పారిపోలే గద."

"పనిలోకి తీసుకోవడానికి అభ్యంతరం లేదన్నారు మామా. ముందు ఏడేళ్లు లెక్కపెట్టరట."

"ఆరు దినాలకు ఏడేండ్లా?"

నేను ఊకొట్టాను.

ఆయన పుస్తకం మూసి అన్నాడు. "పోయిన యేడు నా సూట్లకు ఒక ముసలాయన వచ్చిండు. పదకొండేండ్ల తర్వాత వచ్చిండట. భార్య సచ్చిపోతే మనసొప్పక రాలేదట. ఆయన వెండి బిళ్ల అట్లనే ఉంది. కౌంటరు కాడ పేరు చెప్పంగనే, మీరు మళ్లొచ్చినందుకు సంతోషమని పూలిచ్చిన్రు. గా పూలు నేనే గదిల పెట్టిన." చేతి నూనె తుడుచుకుంటూ, "మంచిదే. ముసలాయన, పాపం" అన్నాడు.

తాహేరా అత్త చేట కింద పెట్టింది. "అప్పుడు గీ ముచ్చట తెలిస్తే ఏం చేస్తుంటివి? అమ్మీ చాలీస్వా ఇడిచిపెట్టి పోతుంటివా?"

"పోకపోతుంటి."

"మరి ఇప్పుడు ఏం ఫికర్?"

"నిన్ను ఎక్కిస్త అన్న గదనే. వాడంత చెప్పుకుంటివి."

"చెప్పుకున్న. నవ్వుతె నవ్వనియ్. నువ్వు మోకాళ్ల మీద పాయఖాన తోముతుంటే, నేను కుర్సీల కూసోని పండ్లు తింటనా ఏంది?"

మామకు నవ్వు వచ్చింది గాని పైకి రాలేదు. అత్త నా వైపు తిరిగింది.

"నువ్వు రాసిన కాయిదం తీ బిడ్డా. రెండు దిక్కుల ఏం రాసినవ్?"

చదివాను. బిళ్లలు, పండ్ల పళ్లేలు, బాల్కనీలు, వేరే భోజనాల గది, భార్యకు వారం రోజులు. పేజీ నిండా ఉంది.

"గిదంత వచ్చెటోళ్ల ముచ్చట. ఈయన ఎన్ని దినాలు ఇంట్ల ఉంటడో రాసినవా?"

రాయలేదు. ఉత్తరాలు మళ్లీ తీసి చూశాను. పాత కంపెనీ పది నెలలు ఓడ, రెండు నెలలు ఇల్లు. కొత్త కంపెనీ ఆరు నెలలు ఓడ, మూడు నెలలు ఇల్లు. ఆ మూడు నెలలు దాటినా ఏడాదిలోపల తిరిగి వస్తే లెక్క తెగదు. కాని అక్కడ మామ కొత్తవాడు. మళ్లీ కింది అంతస్తు. ఇరవై రెండు మామూలు గదులు. సూట్లు రావాలంటే ఎన్నేళ్లో చెప్పలేదు.

"ఇరవై రెండు గదులా" అన్నాడు మామ. "నలభై నాలుగేండ్లొచ్చినయి నాకు. గిప్పుడు మళ్ల బకెటు మోసుకుంట కిందికి దిగాల్నా? గా సూట్లు చేతికి రానీకి ఎనిమిదేండ్లు పట్టింది. పిల్లగాండ్లు నన్ను చూసి దుప్పటి మడతపెట్టుడు నేర్చుకుంటరు తెలుసా?"

"తెలుసు" అన్నది అత్త.

"ఏం తెలుసు?"

"నువ్వు ఇంట్ల గూడ ఎవ్వల్ని మడత పెట్టనియ్యవు గద."

ఆ రోజు ఏదీ తేలలేదు. మామ నాలుగు రోజులు పొద్దున లేచి పెద్ద రోడ్డు దాకా నడిచి, తాను ఒకప్పుడు కప్పులు కడిగిన హోటల్లోనే చాయ్ తాగి, ఎండెక్కినాక తిరిగి వచ్చేవాడు. అయిదో రోజు నన్ను పిలిచి కొత్త కంపెనీ కాగితాలు నింపమన్నాడు. పాత దరఖాస్తు చింపలేదు, దాచలేదు. అత్త దాన్ని అల్మారాలో బట్టల కింద పరిచింది.

ఆయన బయటికి పోయినప్పుడు అత్త నాతో అన్నది. "నాకు గా బాల్కనీలు గిట్ల మీద మనసు లేదు బిడ్డా. ఆయన యాడ పండుకుంటడో ఒక్కసారి చూద్దామనుకున్న. ఇన్నేండ్లయింది, గా జాగ ఎట్లుంటదో నాకు తెల్వది."

తర్వాత మామను అడిగాను, ప్రయాణికులకు పనివాళ్ల గదులు చూపిస్తారా అని. "కిందికి రానియ్యరు బిడ్డా" అన్నాడు. "తలుపు మీద రాసుంటది." అత్తకు ఆ మాట నేను చెప్పలేదు.

జూలైలో ఆయన వెళ్లాడు. ఉత్తరాలు తక్కువ వచ్చాయి. ఇరవై రెండు గదులు సాయంత్రానికి తెమలడం లేదని, తన వయసులో సగం లేని సూపరువైజరు వేలితో దుమ్ము తుడిచి చూపిస్తాడని ఒకదాంట్లో రాశాడు. కిటికీ లేని గదులు కాబట్టి పగలో రాత్రో తెలియదని ఇంకొకదాంట్లో. నేను వాటిని అత్తకు చదివి వినిపించేదాన్ని. ఉర్దూ రాని నా కోసమే ఆయన తెలుగులో రాసేవాడు. తిరిగి రమ్మని రాయమంటావా అని నవంబరులో ఒకసారి అడిగాను. అత్త ఆలోచించి, "వద్దు. ఇంక రెండు నెలలే గద" అన్నది. అంతకు ముందు ఏ సంవత్సరమూ ఆమె ఆ మాట అనగలిగిన నెల కాదది.

జనవరి మొదటి వారంలో వచ్చాడు. సన్నబడ్డాడు. గుర్వమ్మ ఆయన వచ్చిన సంగతి విని, మనుమడికి ఓడలో పని చూడమని అడగడానికి మధ్యాహ్నమే వచ్చింది. నేను వాళ్ల అరుగు మీదనే ఉన్నాను. అత్త తలుపు దగ్గరికి వేసి అడ్డంగా నిలబడింది.

"పండుకున్నడు అక్కా."

"ఒక్క ముచ్చటే, అడిగి పోత. మళ్ల పోతడాయె."

"యాడికి పోడు. మార్చి నెలాఖరు దాక ఈడనే ఉంటడు" అన్నది అత్త. "ఎల్లుండి రా. లేకుంటే గా మీది వారం రా."