గోరంట్ల గుట్టల దిక్కున రెండు ఆకుపచ్చ మచ్చలు

ముందుగా, నాకు నిశ్చయంగా తెలిసినదాన్ని విన్నదాని నుంచి వేరుచేస్తాను. మూడేళ్ల కిందటి ఖరీఫ్‌లో మేఘమథనం కోసం, అంటే మబ్బుల్లో రసాయనం చల్లి వాన రప్పించడానికి, అద్దెకు తెచ్చిన చిన్న విమానాన్ని గోరంట్లకు దగ్గరలోని ఒక రన్‌వే పక్కన షెడ్డులో ఉంచారు. దాని ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాల బాధ్యత నాది. ఒక మధ్యాహ్నం అది గాలిలో ఉండగా దాని రాడార్ తెరపై గుట్టల దిక్కున రెండు ఆకుపచ్చ మచ్చలు కనిపించాయి. పైలట్ ఫోన్‌లో తీసిన రెండు ఫోటోలను నేను చూశాను. ఇంతవరకు నిశ్చయం. ‘విమానం టీవీలో వాన కనపడింది’ అన్నది వినికిడి. పైలట్ టీ తాగుతూ మచ్చలన్నాడు. మా వ్యాన్ డ్రైవర్ ఊరు చేరేసరికి అవి వాన అయ్యాయి.

సాయంత్రం హనుమక్క మా షెడ్డుకు వచ్చింది. మాకు పాలు పోసేది ఆమే. రన్‌వే కంచె అవతలి ఎర్రచేను ఆమెది.

“ఏమప్పా ఇంజనీరూ, వాన కనపడిందంట. నిజమేనా?”

“ఎందుకక్కా?”

“ముయ్యాళ్లు ఇంటికాడ కూసోనుండారు. నువ్వు ఊ అంటే కాయ ఒలుస్తాం.”

ముయ్యాళ్లంటే ఒకరింటి పనికి ఒకరు బదులు వచ్చే ఇరుగుపొరుగు. వేరుసెనగ విత్తనం కాయలో ఉన్నంతవరకు భద్రం. ఒలిచాక ఎక్కువ రోజులు నిలవదు. అందుకే మా వైపు వాన పడేదాకా ఎవరూ ఒలవరు. కానీ అంతకు ముందటేడు ఒలిచి ముగించేలోగా నేలలో పదును, అంటే విత్తడానికి కావలసిన తేమ, ఆరిపోయి, ఆమె సగం చేను బీడు పెట్టింది. ఇంట్లో ఉన్న విత్తనం ఒక్కసారికే సరిపోతుంది.

విమానంలోని ప్రతి పరికరమూ పైలట్ అడిగే ఒక్కో ప్రశ్నకు జవాబు. ఎంత ఎత్తులో ఉన్నామో ఆల్టిమీటర్, ఎక్కడ ఉన్నామో జీపీఎస్ చెబుతాయి. ముందేముందో చెప్పేది ముక్కులో అమర్చిన వెదర్ రాడార్. అది పంపే రేడియో తరంగాలు చినుకులకు తగిలి తిరిగివస్తే తెరపై రంగు పడుతుంది: తేలికవానకు ఆకుపచ్చ, జోరువానకు ఎరుపు. చినుకు లేని మబ్బు దానికి దాదాపు కనపడదు. అయితే తరంగం దేనికి తగిలిందో రాడార్‌కు తెలియదు. యాంటెనా వంపును టిల్ట్ అంటారు. అది మరీ కిందికి ఉంటే కొండ కూడా రంగుగానే కనిపిస్తుంది.

నాది గుమ్మఘట్ట పక్క పల్లె. అప్పటికి నెలగా మా నాయన కూడా ఆకాశం కేసే చూస్తున్నాడు. అవి వాన కావాలని నాకూ గట్టిగా ఉంది. అందుకే నన్ను నేను ముందుగా అనుమానించి, ఆమెను కూర్చోబెట్టి పరీక్ష మొదలుపెట్టాను. రాడార్‌లో లోపం లేదు. ఫోటోల మధ్య ఇరవై నిమిషాల తేడా ఉంది. చుట్టు తిరుగుతున్న విమానం రెండుసార్లూ ఒకే చోట, ఒకే దిశలో ఉంది. మచ్చలు కదలలేదు. తెర మూలన ఉన్న టిల్ట్ అంకె, ఆ ఎత్తుకు ఉండవలసినదానికన్నా తక్కువ, అంటే యాంటెనా కిందికి చూస్తోంది.

“అది వాన కాదక్కా. గుట్టలు.”

“గుట్టలు మా వాకిట్లోంచే కనపడతాయి కదప్పా. దానికి ఇంత మిషిను కావల్లనా?”

షెడ్డు కావలివాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“నాలుగు దినాల్లో వస్తాదా? అదన్నా చెప్పు.”

“అది చెప్పే మిషిను దీంట్లో లేదక్కా.”

“యాడుండాదో చెప్పు, ఆడికే పోతా.”

ఆమె గుట్టల వైపు ఒకసారి చూసి లేచింది. తర్వాత, “సరేలే, వాళ్లని పంపిచ్చేస్తా” అని వెళ్లిపోయింది.

మరునాటి మధ్యాహ్నం ఆ గుట్టల వైపు నుంచే మంచి వాన వచ్చింది. ముయ్యాళ్లు అప్పుడు ఒలవడానికి కూర్చున్నారు. మూడింట రెండొంతుల చేను విత్తేసరికి పదును అయిపోయింది. హనుమక్క రెండు రోజులు మా షెడ్డుకు రావడం మానుకుని, మూడవనాడు పాలు తెచ్చింది.

“గుట్టలు తడిసినాయి, చూసినావా?” అని మాత్రం అడిగింది.

అప్పటినుంచి తెర మీద రంగు పడిందని ఎవరైనా అంటే, టిల్ట్ ఎంత అని అడుగుతాను. అది పాఠంలో తేలిక భాగం. ‘ఇది వాన కాదు’ అనడానికీ ‘వాన లేదు’ అనడానికీ తేడా ఉంది. నా దగ్గర ఆధారం ఉన్నది మొదటిదానికే. ఆమె ఇంటికి తీసుకుపోయినది రెండవది. ఆ తేడాను నేను ఆమెకు విడమరచి చెప్పలేదు.

ఒక ప్రశ్న మిగిలే ఉంది. రెండవ ఫోటోలో ఒక మచ్చ అంచు కొద్దిగా వెడల్పుగా ఉంది. విమానం కాస్త ఒరిగినందువల్ల అనుకుని వదిలేశాను. గుట్ట వెనుక నిజంగానే చినుకు మొదలైందా? యాంటెనాను పైకెత్తి మళ్లీ చూసి ఉంటే తేలేది. ఎవరూ చూడలేదు. ఆ రాడార్ తాను చూసినదాన్ని రికార్డు చేసి ఉంచదు. కొండ నుంచి వచ్చిన జవాబూ, ఒకవేళ చినుకు నుంచి వచ్చి ఉంటే ఆ జవాబూ, ఫోటోలో ఒకే రంగుగా కలిసిపోయాయి. వాటిని విడదీసే మార్గం ఇప్పుడు లేదు.